నిప్పులమీది చేప

చదువుము: యోహాను 21:1–17

రాయ్‌పూర్‌లో నివసించు మాకు సముద్రము చాల దూరము. 1931లో రైలుమార్గము పూర్తియైనది మొదలు మన తెలుగువారనేకులు రాయగడ, విజయనగరముల మీదుగా తమ స్వస్థలములకు పోయి వచ్చుచున్నారు. ఒకమారు నేనును ఆ దారినే విశాఖపట్టణమునకు పోయితిని. అచ్చటనున్న నా తమ్మునితో నాకు నాలుగేండ్లుగా మాటలు లేవు. తండ్రిగారి ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ములో నా భాగమును అతడు వాడుకొనెను. రావలసిన మొత్తము వ్రాసిన కాగితమును జేబులో పెట్టుకొనియే రైలెక్కితిని.

మరునాడు పిల్లల ముచ్చట తీర్చుటకై అందరము భీమునిపట్టణమునకు పోయితిమి. అచ్చట గోస్తనీ నది సముద్రములో కలియును. మధ్యాహ్నము తీరముననున్న ఒక హోటలులో భోజనమునకు కూర్చుంటిమి. పెరటిలో బొగ్గులమీద వంజరము చేపలు కాల్చుచుండిరి. అన్నదమ్ములమిద్దరము ఎదురెదురుగా కూర్చుండియు ఒకరి ముఖమొకరు చూడలేదు. నా చేయి జేబులోని కాగితము మీదికి పోయెను. అంతలో ఆ బొగ్గుల వాసన నాకు తిబెరియ తీరమును జ్ఞప్తికి తెచ్చెను.

ప్రియులారా, క్రొత్త నిబంధన గ్రీకు మూలములో బొగ్గులమంటను తెలుపు ఆ పదము రెండు చోట్ల మాత్రమే కనబడును. మొదటిది ప్రధానయాజకుని ముంగిట. అచ్చట చలి కాచుకొనుచు పేతురు ప్రభువును ఎరుగననెను. రెండవది సముద్రతీరమున; ఆ మంటను సిద్ధపరచినవాడు ప్రభువే. శిష్యులు పట్టిన నూట ఏబదిమూడు చేపలు ఒడ్డునకు చేరకముందే ఆయన యొద్ద చేపయు రొట్టెయు సిద్ధముగా నుండెను. రాత్రియంతయు శ్రమపడి ఆకలిగొనిన పేతురునకు ఆయన ముందుగా భోజనము పెట్టెను. తరువాతనే ముమ్మారు ప్రశ్నించెను. తప్పిదమును మరుగుపరచలేదు, అయినను ఆకలితోనున్నవానిని విచారణకు నిలువబెట్టలేదు.

నేను కాగితమును విడిచి, చేపముక్కను తమ్ముని విస్తరిలో వేసి, "తినరా, చల్లారిపోతుంది" అంటిని. అతడు తల వంచుకొని తినెను. సాయంకాలము ఇసుకలో నడుచుచుండగా అతడే, "అన్నయ్యా, నీ సొమ్ము సంగతి మాట్లాడుకుందాం" అనెను. అప్పుడు కాగితము తీసితిని. మొత్తమేమియు తగ్గలేదు. నెలనెలా కొంత తీర్చుటకు అతడు ఒప్పుకొనెను. అయితే ఆ లెక్కను మేము అన్నదమ్ములవలె కూర్చుండి చూచుకొంటిమి.

ప్రియ చదువరీ, నీకు కీడు చేసినవారెవరైన ఉన్నారా? న్యాయము అడుగుట తప్పు కాదు. అయితే అడుగుటకు ముందు వారిని నీ బల్లయొద్దకు పిలిచితివా? వారు మొదట రావలెనని నీవు కనిపెట్టుచున్నావేమో. తీరమున ముందుగా మంట వేసినవాడు, ఎరుగననిపించుకొనిన ప్రభువే గదా!

ప్రార్థన: ప్రభువా, మేము నిన్ను ఎరుగమనిన దినములలోను మాకు ఆహారము పెట్టితివి. మాకు అపరాధియైన సహోదరుని ప్రేమతో పిలుచు మనస్సును, అటుపిమ్మట సత్యము పలుకు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.