స్వామికార్యం, స్వకార్యం

మనవాళ్ళకి సుఖపడడం చేతకాదంటే మీరు ఒప్పుకోకపోవచ్చు. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఊరికే పట్టుచీర కొనుక్కున్న ఇల్లాలిని ఎక్కడైనా చూశారా? వరలక్ష్మీ వ్రతం రావాలి, లేదా మేనగోడలి పెళ్ళి కుదరాలి. సరదాగా నాలుగు ఊళ్ళు చూసొద్దామని బయల్దేరినా దారిలో ఒక పుణ్యక్షేత్రం తగలాలి. "నాకు కావాలనిపించింది, కొనుక్కున్నాను" అన్న మాట మన నోటివెంట అంత తేలిగ్గా రాదు. సుఖం పక్కన పుణ్యం నిలబడాల్సిందే, పెళ్ళికూతురి పక్కన తోడిపెళ్ళికూతురిలాగా!

కారు కొన్నాక ఈ సంగతి నాకు మరీ బాగా తెలిసొచ్చింది. నా కథలు రెండు టీవీ సీరియళ్ళయిన డబ్బు, మావారి పొదుపు, మిగతాది బ్యాంకు అప్పు, అన్నీ కలిపి 2024 డిసెంబరులో బి.ఎమ్.డబ్ల్యు. ఐ4 అనే కరెంటు కారు కొన్నాను. ధర డెబ్భై లక్షల పైమాటే. చెప్పడానికి మొహమాటంగానే ఉంది కానీ, అది దాచి ఈ వ్యాసం రాయలేను కదా.

చూడవచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట. "పోన్లెండి, పర్యావరణానికి మంచిది." మా ఆడపడుచుగారు ఇంకో మెట్టెక్కి, "మా మరదలికి మొదట్నుంచీ ప్రకృతంటే ప్రాణం" అని అందరికీ చెప్పారు. మా ఇంట్లో ఉన్న ఒక్క తులసికోటకీ రోజూ నీళ్ళు పోసేది మావారు. ఆవిడ నన్ను మెచ్చుకున్నారో, నలుగురి నోళ్ళనుంచి కాపాడారో తెలియదు. కాపాడారనే నా అనుమానం.

నిజానికి నేను దాన్ని కొన్నది నడపడం కోసం. కాలేజీ రోజుల్లో నాన్నగారి మారుతి 800 మీద నేర్చుకున్నది మొదలు నాకు స్టీరింగు పట్టుకోవడమంటే పిచ్చి. ఈ కారయితే స్టార్టయిన సంగతే తెలియదు. క్లచ్చి లేదు, గేర్లు మార్చే గొడవ లేదు. కాలు ఆనిస్తే చాలు, వెనకనుంచి ఎవరో మెత్తగా చెయ్యివేసి ముందుకు తోసినట్టుంటుంది. నూరు కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఆరు సెకన్లు కూడా పట్టదు. బరువు చూస్తే రెండు టన్నుల పైన! అంత బరువు అంత చులాగ్గా కదులుతుంటే నాకు నిండు గర్భిణి కూచిపూడి చేస్తున్నట్టు భయమూ ఆశ్చర్యమూ కలుగుతాయి.

వికారాబాదు దగ్గర అనంతగిరి కొండ దిగేటప్పుడు ఇంకో వింత చూశాను. పెడలు మీదనుంచి కాలు తీస్తే చాలు, బ్రేకు తొక్కకుండానే బండి నెమ్మదిస్తుంది. అలా నెమ్మదించేటప్పుడు దాన్ని నడిపే మోటారే డైనమోలాగా పనిచేసి, బ్యాటరీలోకి కాస్త కరెంటు తిరిగి జమచేస్తుంది. రాత్రి మిగిలిన అన్నంతో పొద్దున్నే పులిహోర కలిపినంత తృప్తి! ఇక ఆ నిశ్శబ్దం సంగతి చెప్పాలంటే, తెల్లవారుజామున ఔటర్ రింగురోడ్డు మీద పక్కసీట్లో మావారి ఊపిరి కూడా వినిపిస్తుంది. మరీ అంత మౌనం భరించలేని వాళ్ళ కోసం కంపెనీవాళ్ళు హాన్స్ జిమ్మర్ అనే హాలీవుడ్ సంగీత దర్శకుడి చేత ఇంజను చప్పుడులాంటిదొకటి స్వరపరిపించారు. మౌనవ్రతం పట్టినవాడికి మైకు ఇచ్చినట్టు లేదూ?

అదండీ నా స్వకార్యం. ఇక స్వామికార్యం లెక్క చూద్దాం.

మన దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు డెబ్భై శాతం బొగ్గు మండిస్తే వచ్చేదే. నా కారుకి పొగగొట్టం లేదు, నిజమే. అది రామగుండంలో ఉంది, చాలా ఎత్తుగా. అలాగని ఈ కారువల్ల లాభమే లేదనను. అంతే పెద్ద పెట్రోలు కారుతో పోలిస్తే, మొత్తం మీద దీని పొగ తక్కువేనని లెక్కలు కట్టినవాళ్ళే చెప్పారు. కానీ అంత పెద్ద కారే ఎందుకు అని ఎవరైనా అడిగితే? నా సీటు కింద పరిచిన బ్యాటరీ సుమారు ఎనభై యూనిట్లది. మా వీధి చివర స్టాండులో ఆగే కరెంటు ఆటోలకైతే ఏడెనిమిది యూనిట్ల బ్యాటరీ చాలు. అంటే పది ఆటోల సరంజామా నేనొక్కదాన్నీ కిందేసుకుని కూర్చున్నానన్నమాట. ఆ పదీ పొద్దస్తమానం బడిపిల్లల్నీ, కూరగాయల గంపల్నీ, ఆస్పత్రికెళ్ళే ముసలివాళ్ళనీ మోస్తాయి. నాది మా ఇద్దర్నీ, ఒక చేతిసంచినీ మోసి, మిగతా వేళంతా సెల్లారులో నిద్రపోతుంది.

దీనికితోడు ప్రభుత్వంవారి దయ ఒకటి. 2025 సెప్టెంబరు నుంచి పెద్ద పెట్రోలు కారు మీద జి.ఎస్.టి. 40 శాతం, కరెంటు కారయితే, కోటి రూపాయలదైనా 5 శాతమే. మన వంటింటి మిక్సీ మీద 18! తెలంగాణా ప్రభుత్వమైతే 2024 నవంబరులో కరెంటు బళ్ళకి రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు 2026 ఆఖరుదాకా పూర్తిగా మాఫీ చేసింది. ఆటోకీ మాఫీ, నాకూ మాఫీ. మాఫీ అయిన మొత్తం మటుకు ఎవరిది వారిదే. నాది పదిలక్షల పైన.

ఈ కరెంటు కార్లు నిన్నగాక మొన్న పుట్టినవి అనుకుంటాం గానీ, నూరేళ్ళ కిందట అమెరికాలో ఇవి శ్రీమంతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళ కార్లు. పెట్రోలు కార్లని ఊరూరా నింపిన హెన్రీ ఫోర్డు ఉన్నాడే, ఆయన భార్య క్లారా నడుపుకున్నది డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే బ్యాటరీ కారు, 1914 మోడలు. ఆ రోజుల్లో మామూలు కారు కదలాలంటే ముందు నిలబడి హాండిల్ తిప్పాలి. అది ఎదురుతిరిగితే మణికట్టు విరిగేది. పైగా పొగ, వాసన, రొద. కరెంటు కారులో ఆ బాధలేవీ లేవు. లోపల మెత్తని సోఫాల్లాంటి సీట్లు, పూలు పెట్టుకునే చిన్న కూజా! 1912లో కాడిలాక్ కార్లకి మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటు వచ్చాక వీటికున్న పెద్ద ఆధిక్యం ఒకటి పోయింది, క్రమంగా ఇవీ పోయాయి. నాకు నచ్చినదేమిటంటే, ఆ కార్లు హాయిగా ఉంటాయని చెప్పే అమ్మారు, హాయి కోసమే కొన్నారు. భూగోళాన్ని రక్షిస్తున్నామని అప్పటివాళ్ళెవరూ అనుకోలేదు.

"అనుకుంటే తప్పేమిటి?" అన్నారు మావారు. "నీ మనసులో ఏముందో పొగకి తెలియదు కదా. తగ్గాల్సింది తగ్గుతోంది. ఇవాళ డబ్బున్నవాళ్ళు కొనబట్టే రేపు బ్యాటరీలు చవకై ఆటోవాడికి అందుతాయి."

ఆయన మాట కొట్టిపారెయ్యలేను. సెల్‌ఫోను మొదట ఎవరి చేతుల్లో మెరిసిందో మనకి తెలియనిదా! కానీ నా భయం పొగ గురించి కాదు, మనసు గురించే. సుఖమని తెలిసి అనుభవించేదానికి ఎక్కడో ఒకచోట "ఇక చాల్లే" అనిపిస్తుంది. పుణ్యమనుకున్నదానికి ఆ హద్దుండదు. మా ఎరికలోనే ఒకరు మొదటి కరెంటు కారు కొన్నాక, ప్రకృతికి మంచిదే కదా అని ఇంకోటి కొన్నారు. ఇప్పుడు సందు మలుపులో ఉన్న ట్యూషనుకి కూడా పిల్లాణ్ణి అందులోనే పంపుతున్నారు. పెట్రోలు రోజుల్లో ఆ పిల్లాడు నడిచే వెళ్ళేవాడు. అందుకే నన్నెవరైనా "పర్యావరణానికి..." అని మొదలుపెడితే, "నాకు నడపడం సరదా అండీ" అంటాను. ఆడది అలా అంటే వినడానికి కొందరికి ఇబ్బందిగానే ఉంటుంది. కారు వేలం వేసి ఆటోలు పంచే ఔదార్యం మాత్రం నాకు లేదు.

ఇదంతా విని మావారు పేపరు దించారు. "బాగానే ఉంది. నువ్వు కొన్నది సరదా కోసమే అయితే, మరి ఆ మాఫీ అయిన టాక్సు?"

ఆ డబ్బుతో ఎన్ని ఆటోలొస్తాయో నేను అప్పటికే లెక్కేసుకుని ఉన్నాను. మూడు. ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు.