సైరను విన్న చెవి



ఆరాధన జరుగుచుండగా గుడి ప్రక్క రోడ్డుమీద 108 బండి కూత వేయుచు పోయినప్పుడు మనలో కలుగు మొదటి తలంపు ఏది? మా మట్టుకు మేము ఒప్పుకొనవలెను. గత మాసము అట్లు జరుగగా ప్రసంగము మాని కిటికీవైపు చూచితిమి. అయిదు నిమిషములలో ఫోనులో వార్త చేరినది. ప్రార్థన మాత్రము ఎవరికిని తోచలేదు.

అమెరికాలో కొందరు అగ్నిమాపక దళమువారును అంబులెన్సువారును రేడియోలో చెప్పుకొను మాటలను ఇంటనుండియే చిన్న యంత్రముతో ఆలకించుదురు. మన దేశములో అనుమతి లేక అట్లు వినుట చట్టమునకు విరుద్ధము. అయినను మనకు కొదువ లేదు. గద్వాలలో లారీ బోల్తాపడినచో బండి రాకమునుపే దాని బొమ్మ వనపర్తికిని నాగర్‌కర్నూలుకును చేరుచున్నది.

పరుల ఆపదను ఆలకించుట పాపమా? వినుట పాపము కాదని మా తలంపు. షూషను కోటలో నెహెమ్యా యెరూషలేము దురవస్థను విని కూర్చుండి యేడ్చెను, ఉపవాసముండెను, కొన్ని నెలలకు రాజు సెలవు పొంది వెళ్లెను. ఏథెన్సువారును వినిరి; క్రొత్త సంగతులు వినుట వారికి కాలక్షేపము. ఎదోమీయుల మాట వేరు. సహోదరుని శ్రమదినమున చూచుచు నిలిచినందుకే ఓబద్యా వారిని గద్దించెను.

2013 అక్టోబరు 30న తెల్లవారుజామున, నేటి వనపర్తి జిల్లాలోని కొత్తకోట దగ్గర పాలెమువద్ద, బస్సు కాలి 45 మంది మరణించిరి. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూలు జిల్లాలోని శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రములో మంటలు లేవగా 9 మంది బయటికి రాలేకపోయిరి. వారిలో ఒక్కరి పేరైనను మనలో ఎందరికి జ్ఞాపకమున్నది? దృశ్యములు మాత్రము జ్ఞాపకమున్నవి.

మేము కోరునది గొప్ప కార్యము కాదు. 2005లో మొదలైన 108 సేవలో పిలుపునెత్తువారు మన ఊరివారు కారు. మన వాగు, మన మఱ్ఱిచెట్టు వారికి తెలియవు. ఊరి పేరు, మండలము, దగ్గరి గుర్తు, గాయపడినవారెందరో నిదానముగా చెప్పవలెను. బండి వచ్చువరకు ఒకరు రోడ్డుమీద నిలువవలెను. మన యువజనులు ఫోను ఎత్తుటకు ముందు గుంపును ప్రక్కకు జరుపవలెను.

సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, మరల వచ్చెదనని చెప్పెను గదా. ఆ మరల వచ్చుటయే మనకు కష్టము. ఆనాడు బండిలో పోయినవాని యింటికి ఎవరు వెళ్లిరని కూటములో అడిగితిమి. ఒక వృద్ధురాలు లేచి, తాను రెండు మారులు పోయివచ్చితిననియు, అతడు ఇంకను మంచము దిగలేదనియు, ఇంట బియ్యము లేవనియు చెప్పెను. వచ్చు ఆదివారపు పిడికెడు బియ్యము ఆ యింటికి పోవును.