దేశాలు చూడటం దుబారా అవుతుందా?

సందేహం: మౌలానా గారూ, మాది మైదుకూరు. నాకు ఇరవై ఆరేళ్లు. మూడేళ్లుగా కువైట్‌లో ఒక గోదాములో పని చేస్తున్నాను. ఇప్పుడు సెలవు మీద ఊరికొచ్చాను. అక్కడ నాతో రూములో ఉండే స్నేహితులు టర్కీ, ఉజ్బెకిస్తాన్ చూసొద్దామంటున్నారు. నాకూ ఇస్తాంబుల్, సమర్‌ఖండ్ చూడాలని ఆశ. మా అబ్బా మాత్రం, "ఉమ్రాకు పో, వద్దనను. ఊరికే దేశాలు తిరిగితే దుబారా, రేపు అల్లాహ్ ముందర లెక్క చెప్పుకోవాల" అంటున్నాడు. వీసా కోసం చేసిన అప్పులో లక్షన్నర ఇంకా మిగిలుంది. చెల్లెలి పెళ్లి చేయాలి. ఇంకో సంగతి. కువైట్ మసీదుల్లో అసర్ మనకంటే ముందే అవుతుంది, ఆమీన్ గట్టిగా అంటారు, రుకూకు పోయేటప్పుడు చేతులెత్తుతారు. మనది తప్పా, వాళ్లది తప్పా అని మనసులో ఒకటే పీకులాట. ఈ తిరుగుడులో నేను నేర్చుకోవలసింది ఏమిటో చెప్పండి.
— ఒక పాఠకుడు, మైదుకూరు

సమాధానం: 

నాయనా, దేశాలు చూడటం దానికదే దుబారా కాదు. భూమ్మీద తిరిగి చూడమని ఖుర్ఆన్ అన్ఆమ్, అన్కబూత్, రూమ్ వంటి ఎన్నో సూరాల్లో చెప్పింది. అయితే ఎక్కడా ఊరికే తిరగమనలేదు. సృష్టి ఎలా మొదలైందో చూడమంది. మనకంటే బలవంతులై, మేడలు కట్టి విర్రవీగిన జాతులు చివరికి ఏమయ్యాయో చూడమంది. హజ్ సూరా ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. కళ్లు చూస్తున్నా గుండె గుడ్డిదైతే ఆ తిరుగుడు వల్ల లాభం లేదని అక్కడి సారాంశం.

ఆ చూపు అలవడటానికి సమర్‌ఖండ్ దాకా పోనక్కరలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటితే గండికోట. మన పిల్లలు సెలవుల్లో పోయి పెన్న లోయ అంచున ఫోటోలు దిగి వచ్చేస్తారు. ఈసారి పోతే కోట లోపలి జామియా మసీదు దగ్గర కాసేపు కూర్చో. 1650లో ఆ కోటను గోల్కొండ తరఫున పట్టుకున్న మీర్ జుమ్లా కూడా నీలాగే పొట్ట చేతబట్టుకుని దేశం దాటినవాడే. ఇరాన్‌లోని అర్దిస్తాన్‌లో పేద నూనె వర్తకుడి కొడుకు. నాలుగు అక్షరాలు నేర్చి, వజ్రాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరి, గోల్కొండకు వచ్చి, ఓడలూ వజ్రాల గనులూ సంపాదించి వజీరయ్యాడు. 1652లో ఫ్రెంచి నగల వర్తకుడు తావెర్నియే గండికోటకు వచ్చి ఆయన్ను కలిశాడు. గుడారంలో చెప్పుల్లేకుండా కూర్చుని, కాలివేళ్ల సందుల్లోనూ ఎడమచేతి వేళ్ల సందుల్లోనూ ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి రాయిస్తూ కనబడ్డాడని ఆ వర్తకుడు రాసిపెట్టాడు. అంతటి పనిమంతుడు. కానీ తనను పైకి తెచ్చిన సుల్తానుకే ఎదురు తిరిగి మొఘలుల పక్షం చేరాడు. ఔరంగజేబు కింద బెంగాలు సుబేదారై, అస్సాం మీదికి దండెత్తి, జబ్బుపడి 1663లో తిరుగుదారిలోనే పోయాడు. లోకం తిరిగితే తెలివి పెరగొచ్చు, సంపాదన పెరగొచ్చు. నమ్మినవాళ్లకు ద్రోహం చేయని గుణం మాత్రం దానంతట అది రాదు.

దీని పక్కన ఇంకో ప్రయాణం పెట్టి చూడు. ప్రవక్త ముహమ్మద్ (స) కూడా దాదాపు నీ వయసులోనే, ఇరవై అయిదేళ్లప్పుడు, ఖదీజా (రజి) సరుకు తీసుకుని షామ్ (సిరియా) దేశం పోయారు. డబ్బు ఆమెది, దారి దూరం, అడిగేవాళ్లు లేరు. వెంట వెళ్లిన ఆమె సేవకుడు మైసరా తిరిగొచ్చి ఆమెకు చెప్పింది లాభం లెక్క ఒక్కటే కాదు, ఆయన నడవడిక కూడా. ఆ తర్వాతే ఆమె పెళ్లి కబురు పంపారు. హజ్రత్ ఉమర్ (రజి) దగ్గర ఒకాయన ఇంకొకరి గురించి మంచివాడని సాక్ష్యం చెప్పబోతే, నువ్వు అతని పొరుగున ఉన్నావా, డబ్బు వ్యవహారం చేశావా, కలిసి ప్రయాణం చేశావా అని అడిగారట. మూడూ లేదంటే, అయితే నీకతను తెలియనట్టే అని పంపేశారు. అందుకే స్నేహితులతో టర్కీ పోతే నువ్వు చూసేది ఒక్క ఇస్తాంబులే కాదు. హోటలు బిల్లు పంచుకునేటప్పుడు, విమానం ఆలస్యమై అందరికీ విసుగు పుట్టినప్పుడు, ఫజర్‌కు ఎవరు ముందు లేస్తారో అన్నప్పుడు నీ సంగతి నీకూ తెలుస్తుంది, వాళ్లకూ తెలుస్తుంది.

నీ రెండో సందేహానికి వస్తాను. కువైట్ వాళ్లది తప్పు కాదు, మనదీ తప్పు కాదు. వస్తువు నీడ, మధ్యాహ్నపు నీడను తీసేసి, దానంత పొడవైతే అసర్ వేళ అయిందని మాలికీ, షాఫియీ, హంబలీ ఇమాములు చెప్పారు. రెండింతలయ్యేదాకా ఆగాలని మనం అనుసరించే ఇమామ్ అబూ హనీఫా చెప్పారు. ఆయన ముఖ్య శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరూ ఈ విషయంలో గురువుతో విభేదించి మొదటి మాటే పట్టుకున్నారు. గురువు మీద గౌరవం తగ్గలేదు, శిష్యరికం చెడలేదు. కాబట్టి అక్కడ జమాత్‌తో కలిసి నమాజు చేసుకో, ఊళ్లో ఊరి మసీదు వేళకు చేసుకో. ఆమీన్ గట్టిగా అనడం, చేతులెత్తడం కూడా ఇలాంటివే. రెండు పద్ధతులకూ హదీసుల ఆధారముంది. ఖలీఫా మన్సూర్ ముస్లింలందరినీ ఇమామ్ మాలిక్ గ్రంథం మీదే నడిపిస్తానంటే, వద్దని ఆపింది స్వయంగా ఇమామ్ మాలికే. ప్రవక్త (స) సహచరులు ఎన్నో ఊళ్లకు చెదిరిపోయారు, ఒక్కో ఊరికీ వాళ్లనుంచి చేరిన జ్ఞానం ఉందన్నది ఆయన వాదం. నాలుగు దేశాలు చూసినవాడికి ఈ విశాలత్వం రావాలి. కొందరు పిల్లలు గల్ఫ్ నుంచి రాగానే వీధి మసీదులో వృద్ధుడైన ఇమామును నిలబెట్టి నీ నమాజే చెల్లదంటున్నారు. అది చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. నువ్వు అలా చేయకు.

నన్ను అడిగితే ప్రయాణం నేర్పవలసిన అసలు పాఠం వేరే ఉంది. శుక్రవారం కువైట్‌లో నీకు ఒక పక్క ఈజిప్టు వాడు, ఇంకో పక్క సూడాన్ వాడు, ముందు వరసలో బంగ్లాదేశ్ కూలీ. భుజానికి భుజం తగిలేలా నిలబడతారు. ఎవడి వంశం ఏమిటని ఎవడూ అడగడు. తెల్లవాళ్లందరూ దయ్యాలని ఏళ్ల తరబడి నమ్మిన అమెరికా నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ 1964లో హజ్‌కు పోయి, నీలికళ్ల ముస్లింలతో ఒకే పళ్లెంలో తిని, తన ఆలోచనే మార్చుకున్నానని ఇంటికి ఉత్తరాలు రాశాడు. మరి మనవాళ్లు? పదేళ్లు గల్ఫ్‌లో ఉండి వచ్చినవాడు కూడా, ఇంట్లో సంబంధం మాట వచ్చేసరికి, "వాళ్లు దూదేకుల వాళ్లు, ఉర్దూ రాదు" అని ముఖం తిప్పుకుంటాడు. దూది ఏకి, పరుపులు కుట్టి, హలాలుగా బతికిన కుటుంబాలు అవి. తెలుగులో దుఆ చేసుకుంటే అల్లాహ్ వినడా? ధర్మమూ నడవడికా నచ్చినవాడు అడిగితే పిల్లనివ్వమని ప్రవక్త (స) చెప్పారు. ఫిఖ్హ్ గ్రంథాల్లో ఈడుజోడు గురించిన చర్చ ఉంది, కాదనను. కానీ అది పిల్లకు కాపురంలో ఇబ్బంది రాకూడదని చేసిన ఆలోచన, ఒక జనాన్ని తక్కువ చేయడానికి రాసింది కాదు. మీ చెల్లెలికి అలాంటి ఇంటినుంచి మంచి సంబంధం వస్తే, ముందుగా దాని తరఫున మాట్లాడవలసినవాడివి నువ్వే. కువైట్‌లో నిలబడిన ఆ వరస నీకు నేర్పింది అదే.

మనకంటే తక్కువ జీతానికి పనిచేసేవాళ్ల కష్టం కూడా అక్కడే తెలిసుంటుంది. కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) పాస్‌పోర్టు చేతికివ్వకపోతే, జీతం ఆగిపోతే ఎలా ఉంటుందో మన జిల్లా పల్లెల్లో చాలా ఇళ్లకు తెలుసు. ముస్లిం దేశమైనంత మాత్రాన ప్రతి యజమానీ ధర్మం తెలిసినవాడు కాడు. చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) ఆజ్ఞ వాళ్లకెంతో, రేపు మైదుకూరులో అంగడి పెట్టుకుని నలుగురిని పనిలో పెట్టుకుంటే నీకూ అంతే.

ఇక ఇంటి బాధ్యత. ఇబ్న్ బతూతా 1325లో, ఇరవై ఒక్కేళ్ల వయసులో, మొరాకోలోని తాంజియర్ నుంచి హజ్‌కని బయలుదేరాడు. అటునుంచి అటే సాగిపోయి, ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఖాజీగా చేసి, చైనా దాకా పోయొచ్చానని రాశాడు. 1348లో డమాస్కస్ చేరాక తెలిసింది, తండ్రి పోయి అప్పటికే పదిహేనేళ్లయిందని. తీరా సొంతూరు దగ్గరికి వచ్చేసరికి, కొన్ని నెలల ముందే తల్లి కూడా ప్లేగుతో పోయింది. ఆయన పుస్తకం వల్ల లోకానికి మేలు జరిగింది, నిజమే. కానీ ఆ లోటు ఏ పుస్తకమూ పూడ్చలేదు. పని ముగిశాక త్వరగా ఇంటికి చేరుకోమని ప్రవక్త (స) ఊరికే చెప్పలేదు.

ప్రయాణంలో నమాజు సంగతి క్లుప్తంగా. హనఫీ పద్ధతిలో సుమారు 77 కిలోమీటర్లకు మించిన ప్రయాణమై, ఒకచోట పదిహేను రోజులకంటే తక్కువ ఉండే ఉద్దేశమైతే జుహర్, అసర్, ఇషా నాలుగు రకాతులు రెండే. స్థానిక ఇమాము వెనక చేస్తే నాలుగూ చేయాలి. సెలవు మీద మైదుకూరు వచ్చినప్పుడు వారం రోజులే ఉన్నా పూర్తిగానే చేయాలి, సొంతూళ్లో నువ్వు ముసాఫిర్‌వు (ప్రయాణికుడివి) కావు.

నీ ప్రశ్నకు తీర్పు ఇది. ముందు ఆ లక్షన్నర తీర్చు. లేదా అప్పిచ్చినవాళ్లను కలిసి, గడువు అడిగి, వాళ్ల సమ్మతి తీసుకో. చెల్లెలి పెళ్లికని తీసిపెట్టిన డబ్బు ముట్టుకోకు. అబ్బా ఉమ్రా అన్నాడు కదా, ముందు అది చేసిరా. కువైట్ నుంచి బస్సులోనైనా పోవచ్చు. ఆ తర్వాత ఆయనకు నచ్చజెప్పి బయలుదేరు. అప్పటికీ ఆయన మనసు ఒప్పుకోకపోతే ఒక ఏడాది ఆగు, పోయేదేమీ లేదు. ఇవన్నీ జరిగాక, నీ కష్టార్జితంతో, మితమైన ఖర్చుతో ఇస్తాంబుల్, సమర్‌ఖండ్ చూసి రావడం జాయిజ్, అంటే ధర్మసమ్మతమే. సమర్‌ఖండ్ దగ్గరే ఇమామ్ బుఖారీ సమాధి ఉంది, అక్కడ సలాం చెప్పి రా. వడ్డీకి అప్పు తెచ్చి పోవడం మాత్రం జాయిజ్ కాదు. వల్లాహు ఆలమ్.