హనుమంతుడికి ఋషులు శాపం ఎందుకు ఇచ్చారు? ఆపడం కూడా అనుగ్రహమే



ఈ మంగళవారం వీడియోలో హనుమంతుడి బాల్యం గురించి చెప్పుకున్నాం. ఋషుల శాపం ఘట్టం గంటలో చెప్పి ముగించేది కాదు కాబట్టి, దాన్ని ఇక్కడ తీరికగా చెప్పుకుందామని ఉంచాను. నిదానంగా చదవండి. ఇంట్లో ఎగిరే వయసు పిల్లలుంటే వాళ్ళకూ చదివి వినిపించండి.

ఉత్తరకాండలో రాముడు అగస్త్యుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు. పట్టాభిషేకం అయిపోయింది, యుద్ధం ముగిసింది. అయినా రాముడి మనసులో ఒక సందేహం మిగిలిపోయింది. సముద్రం దాటినవాడు, లంకను కాల్చినవాడు అయిన హనుమంతుడు తన స్నేహితుడు సుగ్రీవుణ్ణి వాలి అన్ని కష్టాలు పెడుతుంటే ఎందుకు ఊరుకున్నాడు? అంత బలం ఉండి కూడా ఎందుకు వాడలేదు? చూడండి, మనకు వచ్చే సందేహమే రాముడికీ వచ్చింది.

దానికి అగస్త్యుడు చెప్పిన జవాబు ఏమిటంటే, ఆయనను ఋషులు ఆపి ఉంచారు. మన పిల్లల భాషలో చెప్పాలంటే, హనుమంతుణ్ణి గ్రౌండ్ చేశారు.

కథ మీకు తెలిసిందే. అంజనమ్మ పళ్ళ కోసం వెళ్ళింది. పిల్లవాడికి ఆకలేసింది. ఉదయిస్తున్న సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరాడు. తండ్రి వాయుదేవుడు కొడుకు కాలిపోకుండా చల్లగా వీస్తూ వెనకాలే వెళ్ళాడు. సూర్యుడు కూడా పసివాడని తెలిసి కాల్చలేదు. ఆ రోజు సూర్యుణ్ణి పట్టవలసిన రాహువు భయపడి ఇంద్రుడి దగ్గరకు పరుగెత్తాడు. ఇంద్రుడు ఐరావతం ఎక్కి వస్తే, ఆ తెల్లని ఏనుగు కూడా పండేననుకుని దాని మీదికి దూకాడు మన స్వామి. వజ్రం దెబ్బ తగిలింది. ఎడమ దవడ విరిగి కొండ మీద పడ్డాడు. వాయువుకు కోపం వచ్చి లోకంలో గాలి ఆపేస్తే, దేవతలంతా దిగివచ్చి పిల్లవాడికి వరాలు ఇచ్చారు.

చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. దెబ్బ తగిలింది, వరాలు వచ్చాయి, బాగుంది అంటారు. కానీ వాల్మీకి ఇక్కడ ఆపలేదు. వరాలు వచ్చిన తర్వాత ఆ పిల్లవాడు ఏం చేశాడో కూడా చెప్పాడు. ఆశ్రమాల మీద పడ్డాడు. యజ్ఞపాత్రలు విరిచాడు, అగ్నిహోత్రాలు చెదరగొట్టాడు, నారచీరలు చింపాడు. తండ్రి కేసరి వద్దన్నాడు, వాయుదేవుడూ వద్దన్నాడు. ఇద్దరి మాటా వినలేదు. అప్పుడు భృగు, అంగిరస వంశాల ఋషులు శపించారు. ఏ బలం చూసుకుని మమ్మల్ని బాధపెడుతున్నావో ఆ బలం నీకు చాలాకాలం తెలియకుండా పోతుంది, ఎవరైనా నీ కీర్తిని గుర్తు చేసినప్పుడు మళ్ళీ తెలుస్తుంది అని ఆ శాపం సారాంశం.

ఈ శాపంలో మూడు సంగతులు గమనించండి. ఒకటి, వాళ్ళు బలాన్ని తీసెయ్యలేదు, దాని ఎరుకను మాత్రం కప్పారు. రెండు, మరీ కోపంతో ఇవ్వలేదు. వాళ్ళ కోపం మితంగానే ఉందని వాల్మీకి పనిగట్టుకుని చెప్పాడు. మూడు, ఆ శాపానికి ముగింపు ఉంది. తిరిగి వచ్చే దారి శాపంలోనే ఉంది.

ఇప్పుడు ఈ కథ నాకు ఎందుకు గుర్తొచ్చిందో చెప్తాను. ఆ మధ్య కరీంనగర్‌లో ప్రవచనం అయిపోయాక ఒక తల్లి ఆగి అడిగింది. ఆమె మాటల్లోనే చెప్తాను.

"అయ్యగారూ, మా పిల్లగాడు అమెరికల ఉంటడు. విమానంలకెల్లి కిందికి దుంకుతడట. అదేదో ఆటనట. ఇప్పుడు గక్కడోళ్ళు నువ్వు దుంకొద్దని ఆపిన్రట. ఫోన్ల సక్కగ మాట్లాడ్తలేడు, మస్తు కోపం మీదున్నడు. కొండగట్టుకు పోదామనుకుంటున్న. నేను ఏమని మొక్కాలె? వానికి జల్ది పర్మిషన్ రావాలని మొక్కాల్నా, ఇగ ఎప్పటికీ దుంకొద్దని మొక్కాల్నా?"

ఆమె కళ్ళల్లో నీళ్ళున్నాయి. నాకు వెంటనే జవాబు చెప్పడానికి మాట రాలేదు. ఒక మొక్కులో కొడుకు సంతోషం ఉంది. రెండో మొక్కులో తన నిద్ర ఉంది.

తర్వాత ఆ అబ్బాయితో ఫోన్‌లో మాట్లాడాను. మంచి పిల్లవాడు. నలభై జంప్‌లు చేశాడట. స్కైడైవింగ్ ఎలా ఉంటుందో ఓపికగా చెప్పాడు. గాలిలో పడేటప్పుడు వేగం గంటకు దాదాపు 190 కిలోమీటర్లు ఉంటుంది. అంటే ఒక్క సెకనులో 170 అడుగులకు పైగా కిందికి వస్తారు. వీపు మీద సంచిలో రెండు పారాచూట్లు ఉంటాయి. మొదటిది సరిగా తెరుచుకోకపోతే దాన్ని వదిలించుకుని రెండోది తెరవాలి. అమెరికాలో యునైటెడ్ స్టేట్స్ పారాచూట్ అసోసియేషన్ నియమం ప్రకారం నేర్చుకునేవాళ్ళు, మొదటి లైసెన్స్ ఉన్నవాళ్ళు 3,000 అడుగుల ఎత్తుకు తగ్గకుండా పారాచూట్ తెరవాలి. ఇతను ఆ హద్దు దాటి, చాలా కిందికి వచ్చాక తెరిచాడు. అందుకని నెల రోజులు ఆపారు. మళ్ళీ శిక్షణ తీసుకున్నాకే జంప్ అన్నారు.

"గురువుగారూ, ఎవరికీ ఏం కాలేదు కదా! ఐదారు సెకన్లు లేటైంది, అంతే. రిస్క్ ఉంటే నాకే కదా, వాళ్ళకేంటి?" అన్నాడు.

ఆ ఐదారు సెకన్ల లెక్క చూద్దాం. 3,000 అడుగుల దగ్గర ఉన్నవాడికి, పారాచూట్ తెరవకపోతే నేల తగలడానికి ఇంకా సుమారు 17 సెకన్లు ఉంటాయి. ఆరు సెకన్లు ఆలస్యమైతే పదకొండే మిగులుతాయి. అందులోనే మొదటిది తెరుచుకోవాలి. చెడిపోతే చెడిపోయిందని గుర్తుపట్టాలి, వదిలించుకోవాలి, రెండోది తెరుచుకోవాలి. అన్నీ బాగా జరిగిన రోజు కోసమైతే ఆ నియమం అవసరమే లేదు. ఏదో ఒకటి చెడిపోయిన రోజు కోసం పెట్టారు. అలాంటి రోజు ఎప్పుడు వస్తుందో ముందు తెలియదు కాబట్టి రోజూ పాటించమంటారు.

ఇక "రిస్క్ నాకే కదా" అన్న మాట. దీనికి జవాబు కిష్కింధకాండలో ఉంది. జటాయువు, సంపాతి అన్నదమ్ములు. వయసులో ఉన్నప్పుడు గర్వంతో సూర్యుణ్ణి వెంబడిస్తూ పైపైకి ఎగిరారు. వాళ్ళను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. మధ్యాహ్నానికి వేడి తట్టుకోలేక తమ్ముడు జటాయువు సోలిపోయాడు. అన్న సంపాతి తన రెక్కలు కప్పి తమ్ముణ్ణి కాచాడు. ఆ రెక్కలు కాలిపోయి వింధ్య పర్వతం మీద పడ్డాడు. మళ్ళీ తమ్ముణ్ణి చూడలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత వానరుల నోట తమ్ముడు చనిపోయాడని విన్నాడు. ఇద్దరూ కలిసే ఎగిరారు, కానీ రెక్కలు పోయింది ప్రేమించినవాడివి. మన సాహసాల్లో కూడా ఖర్చు మన ఒక్కరి ఖాతాలోనే పడదు. కరీంనగర్‌లో ఒక తల్లి నిద్ర ఇప్పటికే ఆ ఖాతాలో ఉంది.

ఇది అమెరికా సంగతి, మనకెందుకు అనుకోకండి. ఆదిలాబాద్ వైపు కుంటాల జలపాతానికి వెళ్ళినవాళ్ళకు తెలుసు. కడెం వాగు 150 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. పక్కనే సోమేశ్వరస్వామి, శివరాత్రికి జనం బారులు తీరుతారు. వానాకాలంలో నీళ్ళలోకి దిగొద్దంటే మన పిల్లలు వింటున్నారా? కాపలా ఉన్నవాడిని తిట్టి, పక్క దారిన దిగి, సెల్ఫీ తీసుకుంటున్నారు. అక్కడ ఎంతమంది తల్లుల కడుపుకోత ఉందో ఆ బండలకు తెలుసు.

కొండగట్టు సంగతి చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. 2018 సెప్టెంబర్ 11. ఆ రోజు కూడా మంగళవారమే. ఘాట్ రోడ్డు దిగుతున్న బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. బస్సులో వందమందికి పైగా ఉన్నారు. పనులకు, ఆసుపత్రులకు, గుడికి పోయి వస్తున్న పేదవాళ్ళు. తప్పు వాళ్ళది కాదు. ఉన్న బస్సు ఎక్కడం తప్ప వాళ్ళకు వేరే దారి ఏముంది? కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ ఉదయం ఎవరైనా అడ్డం నిలబడి, "ఇంతమందితో ఈ బస్సు కదలదు, సగంమంది దిగాలి" అని ఉంటే ఏమయ్యేది? అందరూ అతన్ని తిట్టేవాళ్ళు. పని చెడగొట్టాడని సాయంత్రం ఇంటికి వెళ్ళి కూడా తిట్టేవాళ్ళు. అలా తిట్టడానికి ఇంటికి చేరి ఉండేవాళ్ళు.

ఆపినవాడికి దండలు వెయ్యరు. ఎందుకంటే జరగని ప్రమాదం కంటికి కనబడదు.

ఇప్పుడు సముద్రం ఒడ్డుకు వెళ్దాం. వానరులంతా ఎవరు ఎంత దూరం దూకగలరో చెప్తున్నారు. ఒకడు పది యోజనాలంటాడు, ఇంకొకడు ఇరవై అంటాడు. ముసలితనంలో ఉన్న జాంబవంతుడు తొంభై అంటాడు. యువరాజు అంగదుడు ఏమన్నాడో తెలుసా? నూరు యోజనాలు దూకగలను, కానీ తిరిగి రాగలనో లేదో చెప్పలేను అన్నాడు. ఎంత నిజాయితీ! వెంటనే జాంబవంతుడు అతన్ని ఆపాడు. నీకు శక్తి లేదని అనలేదు. ఈ పనికంతటికీ నువ్వే మూలం, నిన్ను మేము కాపాడుకోవాలి అన్నాడు. అంగదుడు అలగలేదు, నన్ను అవమానించారని గొడవ చెయ్యలేదు. ఆగాడు. అతను ఆగాడు కాబట్టే జాంబవంతుడి చూపు పక్కన మౌనంగా కూర్చున్న హనుమంతుడి మీద పడింది.

దూకడం లెక్కలో సగమే. తిరిగి రావడంతోనే ఆ లెక్క పూర్తవుతుంది. ఇదే ఆ తల్లికి నేను చెప్పిన జవాబు. "అమ్మా, దుంకాలని మొక్కకు, దుంకొద్దని మొక్కకు. పోయిన ప్రతిసారీ తిరిగి వచ్చే బుద్ధిని నా కొడుక్కి ఇయ్యి స్వామీ అని మొక్కు." సముద్రం దాటి, సీతమ్మ కబురు మోసుకుని తిరిగి వచ్చిన స్వామి ఆయన. ఆ మొక్కు ఆయనకు బాగా అర్థమవుతుంది.

అబ్బాయికి వేరే మాట చెప్పాను. శాపం తర్వాత హనుమంతుడు ఆశ్రమాల్లో మెత్తగా తిరిగాడని వాల్మీకి చెప్పాడు. బలం గుర్తులేని ఆ కాలం వృథా పోలేదు. రాముణ్ణి మొదటిసారి కలిసినప్పుడు ఆయన చూపించింది కొండలెత్తే బలం కాదు, మాట. ఆ మాట విని రాముడు లక్ష్మణుడితో, వేదాలు తెలియనివాడు, వ్యాకరణం బాగా చదవనివాడు ఇలా మాట్లాడలేడని మెచ్చుకున్నాడు. అంటే రాముడి మొదటి మెప్పు ఆయనకు బలం కప్పబడి ఉన్నప్పుడే వచ్చింది. "నాయనా, నీకు నెల రోజులే. ఆ శిక్షణకు తల వంచి వెళ్ళు. ఏ సెకనులో నీ చెయ్యి ఆలస్యమైందో నిజాయితీగా చూసుకో" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "చూస్తాను గురువుగారూ" అన్నాడు. అంతకంటే ఎక్కువ నేను అడగలేదు.

ఆపే స్థానంలో ఉన్నవాళ్ళకు కూడా ఒక మాట. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, అధికారులు ఎవరైనా సరే, ఋషుల పద్ధతి నేర్చుకోండి. పగతో ఆపకండి. పిల్లవాడి శక్తిని తక్కువ చేసి మాట్లాడకండి. ఎన్నాళ్ళు, ఎందుకు, మళ్ళీ ఎలా తిరిగి రావచ్చో స్పష్టంగా చెప్పండి. దారి చూపకుండా ఆపితే అది శిక్షణ కాదు, పగ అవుతుంది. గడువు వచ్చినప్పుడు జాంబవంతుడిలా పక్కన నిలబడి, "లే నాయనా, నువ్వు చెయ్యగలవు" అని గుర్తు చెయ్యవలసిన బాధ్యత కూడా ఆపినవాళ్ళదే.

మన కరీంనగర్, జగిత్యాల, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఏటా ఎన్ని వేలమంది హనుమాన్ మాల వేస్తారు! నలభై ఒక్క రోజులు చెప్పులు లేవు, మాంసం లేదు, మందు లేదు, నేల మీద పడక. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మనకు మనమే హద్దు గీసుకుని, కొండగట్టులో మాల తీసేనాటికి మనసు తేలిక చేసుకుంటాం. మనం గీసుకున్న హద్దు దీక్ష అవుతుంది. అదే హద్దు వేరేవాళ్ళు గీస్తే అవమానమని ఎందుకు అనుకోవాలి? దాన్నీ ఒక దీక్షగా తీసుకోవచ్చు కదా.

ఈ వారం ఒక చిన్న సాధన చెయ్యండి. మిమ్మల్ని ఎవరో "వద్దు" అని ఆపినప్పుడు, జవాబు చెప్పే ముందు పదకొండుసార్లు రామనామం అనుకోండి. ఆ తర్వాత, ఈయన నన్ను ఎందుకు ఆపుతున్నాడు అని ఒక్కసారి అడగండి. బండి తాళం తీసుకున్న నాన్న కావచ్చు, వాగు దగ్గర తాడు కట్టిన పోలీసు కావచ్చు, హెల్మెట్ లేదని బండి ఎక్కనివ్వని భార్య కావచ్చు. ఆ రూపంలో మన ఇంటికి వచ్చినవాడు ఎవరో మనకేం తెలుసు?

ఒక వైపు నరసింహుడి ముఖం, ఒక వైపు ఆంజనేయుడి ముఖం ఉన్న కొండగట్టు స్వామి మన పిల్లలందరినీ ఎగరనిచ్చి, క్షేమంగా ఇంటికి చేర్చుగాక.

సర్వేజనాః సుఖినోభవంతు. జై శ్రీరామ్. జై హనుమాన్.