కన్నును కొలిచే కాంతి

1991లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఓసీటీ (ఆప్టికల్ కొహెరెన్స్ టోమోగ్రఫీ) అనే స్కాన్ పద్ధతిని ప్రకటించారు. కంటిలోకి పరారుణ కాంతిని పంపి, తిరిగొచ్చిన కాంతిని బట్టి రెటీనా పొరల మందాన్ని మైక్రాన్లలో లెక్కగడతారు. కోత లేదు, నొప్పి లేదు. షుగర్ వల్ల రెటీనా వాచినవారికి ఇంజెక్షన్ ఎప్పుడివ్వాలో తేల్చడానికి డాక్టర్లు ఇప్పుడు ఈ స్కాన్ మీదే ఎక్కువగా ఆధారపడుతున్నారు.

అయితే స్కాన్‌లో ఒకే మందం ఉన్న ఇద్దరిలో ఒకరు చార్టులోని చిన్న అక్షరాలు చదివేస్తారు, మరొకరు పెద్దవి కూడా పోల్చుకోలేకపోవచ్చు. మరి యంత్రం కొలిచింది కన్నునా, చూపునా?

అద్వైత వేదాంత గ్రంథం ‘దృగ్దృశ్య వివేకం’ మొదలయ్యేదే ఇలాంటి విచారణతో. రూపాన్ని చూసేది కన్ను, కన్ను మందగించిందని గుర్తించేది మనసు, ఆ మనసునూ ఎరిగిన సాక్షి వేరు అంటుందది.

కన్నుకూ చూపుకూ ఉన్న ఈ తేడా ఓ చికిత్సలోనూ కనిపించింది. రెటీనా వ్యాధితో చూపు పోయిన 58 ఏళ్ల వ్యక్తిపై పారిస్‌లో జరిగిన చికిత్స ఫలితాలు 2021లో వెలువడ్డాయి. నాచు జాతికి చెందిన కాంతి గ్రాహక ప్రోటీన్ జన్యువును ఆయన కంట్లోకి ఎక్కించారు. ప్రత్యేక కళ్లద్దాలతో నెలల తరబడి సాధన చేశాక, బల్ల మీద నోటుపుస్తకం ఎక్కడుందో పోల్చి చేత్తో తాకారు. రోడ్డు మీది తెల్లచారలూ గుర్తుపట్టారు. ఆ నెలల సాధనే నన్ను ఆలోచింపజేస్తుంది: కంట్లో కాంతి పడినంత మాత్రాన చూపు రాలేదు.

సాక్షి ఉందని ఏ స్కానూ రుజువు చేయలేదు, లేదనీ చెప్పలేదు. ఆ సంగతి అలా ఉంచి, షుగర్ ఉన్నవారు ఏటా రెటీనా పరీక్ష చేయించుకోండి. రిపోర్టుతో సరిపెట్టుకోకుండా, మీకేం కనిపిస్తోందో డాక్టరుకు మీ నోటితో చెప్పండి.