గర్భస్థశిశువు – దాసోహము

గర్భిణికి ఎనిమిదవ మాసముననే శిశువు పేర లింగధారణ చేయు ఆచారము వీరశైవులకు గలదు. పుట్టకమునుపే బిడ్డను భక్తునిగా నెంచిన సంప్రదాయము, ఆ తల్లి కడుపునకు చేరు అన్నమునుగూర్చి యోచింపకుండుట తగునా?

శృంగవరపుకోట తూర్పు కనుమల పాదమున నున్నది. దారిలేని కొండగూడెములనుండి గర్భిణులను డోలీలపై మోసి దింపిన వార్తలు ఇటీవలి సంవత్సరములలోను వచ్చినవి. పల్లమునందలి కూలివారు పనికై విశాఖపట్టణమునకును, హైదరాబాదునకును పోవుదురు. వెంటబోయిన బిడ్డకు బడి తప్పును; అవ్వ యొద్ద విడిచిన బిడ్డకు తల్లి తప్పును. ఏది మేలో చెప్పుట కష్టము.

గర్భము మొదలు రెండేండ్లు నిండువరకు, సుమారు వేయి దినములు, మెదడు అతివేగమున పెరుగును. అప్పుడు మాంసకృత్తులు, ఇనుము, అయోడిను కొరవడిన బిడ్డ ఎదుగుట తగ్గుటయే గాక, పాఠము పట్టుటలోను వెనుకబడవచ్చును. అట్టివానిని మొద్దని బెత్తమెత్తుట అన్యాయము. తిండితోబాటు పలుకరించి ఆడించువారును కావలయును. సందెవేళ అలసివచ్చిన కూలితల్లికి ఆ ఓపిక యెక్కడిది?

1975లో ఆరంభమైన అంగన్‌వాడీలు, 2003లో రాష్ట్రమునందలి బడులకు వచ్చిన మధ్యాహ్నభోజనము కొంత ఆదుకొన్నవి. అయినను బడి అన్నము అందునాటికి ఆ వేయి దినములు గడచిపోయియుండును.

కాయకముచే లభించినదానిని దాసోహమునకు వినియోగింపుమని బసవేశ్వరుని బోధ. ఉత్సవమునాటి పంక్తిభోజనము మంచిదే. దానికి కూర్చు ద్రవ్యములో కొంత మిగిల్చి, కులమడుగక ఊరిలోని బీదగర్భిణుల పేరులు వ్రాసికొని, దినమునకు గ్లాసెడు పాలు, చోడి అంబలి, ఆకుకూరపప్పు అందించుట ఏ మఠమునకును భారము కాదు.