లెక్కలోకి రాని పన్ను

గుంటూరు జిల్లాలో మిర్చి వేసిన రైతు పురుగుమందుల షాపులో వెయ్యి రూపాయల రసాయన మందు కొంటే బిల్లు 1,180 అవుతుంది. పైన పడ్డ నూట ఎనభై జీఎస్టీ. అదే రైతు కోతలయ్యాక టిక్కీలు యార్డుకు తోలితే ఆయన్ని జీఎస్టీ నంబరు అడిగేవాళ్లుండరు. 2017 జూలై 1న అమల్లోకి వచ్చిన చట్టం, సొంత సేద్యంలో పండింది అమ్ముకునే రైతుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 23వ సెక్షన్‌లో చెప్పేసింది. రైతుకు పన్ను లేదన్న మాట అక్కణ్నుంచే నలుగుతోంది. ఆ మాట నిజమా? చూడబోతే ఆడిటర్ తేల్చాల్సిన ప్రశ్నలా ఉంటుంది గానీ, దీని వేళ్లు ధర్మశాస్త్రాల దాకా పోతాయి.

మనుస్మృతి ఏడో అధ్యాయం వ్యాపారికో లెక్క, సేద్యగాడికో లెక్క పెట్టింది. వ్యాపారి దగ్గర పన్ను తీసుకునే ముందు సరుకు ఎంతకు కొన్నాడో, ఎంతకు అమ్మాడో, ఎంత దూరం మోసుకొచ్చాడో, దారి బత్తెం, కాపలా ఖర్చు ఎంతయ్యాయో చూడమంది. ధాన్యం దగ్గరికొచ్చేసరికి ఆరో వంతు, ఎనిమిదో వంతు, పన్నెండో వంతు అని చెప్పి ఊరుకుంది. విత్తనాల ఖర్చు, ఎడ్ల మేత ఆ శ్లోకంలో కనిపించవు. మనువుతో పేచీ ఉన్నవాళ్లు బోలెడుమంది, ఉండాల్సిందే. అయినా ఈ తేడా మాత్రం జీఎస్టీ దాకా నడిచొచ్చింది.

వ్యాపారి ఖర్చును చూసే పద్ధతికి ఇప్పటి పేరు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్. కారం పట్టించి ప్యాకెట్లు కట్టి అమ్మే రిజిస్టర్డ్ వ్యాపారి లక్ష రూపాయల ప్లాస్టిక్ కవర్లు కొంటే 18 వేలు పన్ను కడతాడు. కారం మీద తాను వసూలు చేసిన 5 శాతంలోంచి ఆ 18 వేలు మినహాయించుకుంటాడు. కాబట్టి ఆయన బేరమాడేది పన్ను కలవని ధర మీద. పక్కా బిల్లు ఇవ్వని చోట కొంటే నష్టం ఆయనకే. రైతుకు ఆ మినహాయింపు లేదు. మందు మీద 18 శాతం, ఎరువు మీద 5 శాతం సాగు ఖర్చులో కలిసిపోతాయి. పోనీ అమ్మేటప్పుడు రాబట్టుకుందామంటే, యార్డులో ధర తేలేది పాటలో. రైతు చేతిలోని బిల్లులు అక్కడ ఎవరికి కావాలి?

మరి రైతు కూడా రిజిస్టర్ అయితే సరిపోదా? వడ్లు, కూరగాయలు, పాలు పన్ను లేని సరుకులు. పన్ను లేని అమ్మకానికి క్రెడిట్ కూడా రాదు. 2025 సెప్టెంబరు 22న ట్రాక్టర్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. ఆ మేరకు ఊరటే. రసాయన మందులు మాత్రం 18లోనే ఉండిపోయాయి.

బ్రిటన్‌లో దీనికి వేరే దారి వేశారు. వ్యాట్ రిజిస్ట్రేషన్ వద్దనుకున్న రైతు అక్కడి ఫ్లాట్ రేట్ పథకంలో చేరితే, వ్యాట్ ఉన్న కొనుగోలుదారు దగ్గర ధర మీద 4 శాతం అదనంగా తీసుకుని తనే ఉంచుకోవచ్చు. కొన్నవాటి మీద కట్టిన పన్నుకు అది పరిహారం. నమోదు కాని రైతు కూడా పన్ను మోస్తున్నాడని ఆ దేశపు చట్టం ఒప్పుకున్నట్టే కదా.

మన దగ్గర పత్తిది ఇంకో దారి. వరంగల్ జిల్లాలో జిన్నింగ్ మిల్లు రైతు దగ్గర పత్తి కొంటే, 5 శాతం పన్ను రైతు బదులు మిల్లే కట్టాలి. దీన్ని రివర్స్ చార్జ్ అంటారు. ముందు నగదుగా కట్టి, తర్వాత క్రెడిట్‌గా తీసుకుంటుంది. ఇక బియ్యానిది తమాషా కథ. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు లేబులున్న ప్యాకింగ్ మీద 5 శాతం వేశారు. వెంటనే కిరాణా కొట్లలోకి 26 కిలోల బస్తా వచ్చింది! బియ్యం అవే, తినేవాళ్లూ వాళ్లే. ఒక్క కిలోతో పన్ను ఎగిరిపోయింది.

అసలు రైతంటే ఎవరన్నది ఇంకా లోతైన ప్రశ్న. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం కృషినీ గోరక్షణనూ వాణిజ్యాన్నీ ఒక్క గాటన కట్టింది. జీఎస్టీ కృషిని విడదీసింది. సొంత కష్టంతోనో, కుటుంబం కష్టంతోనో, తన పర్యవేక్షణలో కూలీలను పెట్టుకునో సేద్యం చేసే వ్యక్తి లేదా హిందూ అవిభక్త కుటుంబం మాత్రమే రైతు. పట్టా ఎవరి పేరున ఉందన్నది ఆ నిర్వచనంలో లేదు. పథకాల జాబితాల్లో పేరు కోసం తిరిగే కౌలుదారుకు ఈ చట్టం దగ్గర రైతుగా చోటు దొరకడం విశేషమే. అదే రైతులు పది మంది కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకుంటే ఆ కంపెనీ రైతు కాదు. దాని కారం ప్యాకెట్ల అమ్మకం ఏడాదికి తెలంగాణలో 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. తెలంగాణలోని మధిర వైపు ఒక హద్దు, ఆంధ్రప్రదేశ్‌లోని తిరువూరు వైపు మరొకటి. మధిర కంపెనీ తన కారాన్ని తిరువూరు కొట్టుకు అమ్మిందంటే మాత్రం ఆ లక్షల లెక్కేమీ పనికిరాదు. మొదటి ప్యాకెట్‌కే జీఎస్టీ నంబరు కావాలి.